బందరు రోడ్డు ఆసుపత్రిలో కలిసిన అక్కకు

అక్కా, ఆ రోజు మీ పేరైనా అడగలేదు. విజయవాడ బందరు రోడ్డులోని ఆసుపత్రిలో డాక్టరు గది బయట నా పక్కన కూర్చున్నారు. నాకు బరువు తగ్గడానికి చేసే స్లీవ్ ఆపరేషన్ జరిగి అప్పటికి నాలుగు నెలలు. జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేశారు, తిండి మీది మనసు మాత్రం అలాగే ఉంది. జుట్టు రాలుతోంది. బంధువుల పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని ఏడ్చాను. “బరువు తగ్గావుగా, ఇంకా ఏడుపెందుకు?” అన్నారు ఇంట్లోవాళ్లు.

మీరు అలా అనలేదు. “అది కడుపు ఆకలా, దిగులు ఆకలా? పది నిమిషాలు ఆగి చూసుకో చెల్లీ” అన్నారు. మీకూ అదే ఆపరేషన్ అయిందని, దిగులు పుట్టిన రాత్రల్లా ఆవకాయ అన్నమే గుర్తొచ్చేదని చెప్పారు. జుట్టు చాలామందికి కొన్ని నెలలు రాలి మళ్లీ వస్తుందని, మాంసకృత్తులు, బి12 విటమిన్ మానవద్దని అన్నారు. అన్నిటికన్నా ముఖ్యంగా, మానసిక నిపుణులను కలవడం కూడా ఈ చికిత్సలో భాగమేనని నా చెయ్యి పట్టుకుని చెప్పారు. ఆ మాట నాకు ఆపరేషన్‌కు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

వెళ్లాను అక్కా. ఇప్పటికీ వెళ్తున్నాను. మొన్న అమ్మ పెసరట్టు వేస్తే, సగం నెమ్మదిగా నమిలి తిని, మిగిలిన సగం తమ్ముడి పళ్లెంలో పెట్టాను. ఏడుపు రాలేదు. మీకు రుణపడి ఉన్నాను.