విల్లు సీజన్ వచ్చేస్తోంది, రెడీయేనా?

అన్నలూ, తమ్ముళ్లూ, సెప్టెంబర్ ఆఖరు దగ్గర పడుతోంది. మన టెక్సస్‌లో జింకలకి తుపాకీ సీజన్ నవంబర్‌లో గానీ మొదలవదు. అప్పటిదాకా దాదాపు ఐదు వారాలు అడవి విల్లు పట్టినవాళ్లదే! నాకైతే ఇప్పటి నుంచే నిద్ర పట్టట్లేదు.

హంటింగ్ లైసెన్స్ ఒక్కటే చాలదు, విల్లుతో వేటాడటానికి లైసెన్స్‌కి జోడించే అదనపు అనుమతి, ఆర్చరీ ఎండార్స్‌మెంట్ కూడా తీసుకోండి, 7 డాలర్లే. కొత్తవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు ఈ వారమే ముగించేయండి.

ప్రాక్టీస్ మొనలతో 20 గజాల్లో గురి కుదురుతోందని సంబరపడకండి. బ్రాడ్‌హెడ్, అంటే వేటకి వాడే పదునైన బ్లేడ్ల మొన బిగిస్తే అదే బాణం పక్కకి పోవచ్చు. వేటకి వాడే మొనతోనే, వేసుకెళ్లే బట్టలతోనే, కూర్చుని, వీలైతే ఎత్తు మీద నుంచి వేసి చూడండి. వింటినారికి మైనం రాయండి. పోగులు లేస్తే షాపులో మార్పించుకోండి.

చెట్టు స్టాండ్ (చెట్టుకి బిగించే వేట మంచె) ఎక్కేవాళ్లు హార్నెస్‌ని, అంటే కింద పడకుండా ఒంటికి కట్టుకునే బెల్టుల్ని, పైకెక్కాక కాదు, నేల మీదే తగిలించుకోవాలి. ఇందులో మొహమాటం లేదు, హార్నెస్ లేనివాళ్లని నా కారెక్కించుకోను.

బాణం తగలగానే వెంటపడొద్దు. కనీసం అరగంట ఆగి రక్తపు జాడ పట్టండి. ఐస్ బాక్సులు మర్చిపోవద్దు, ఆ ఎండకి మాంసం త్వరగా పాడవుతుంది.

అన్నట్టు, ఫోటోలు ఊళ్లోవాళ్లకి పంపేటప్పుడు టెక్సస్ అని రాయండి. ఇండియాలో 1972 చట్టం కింద జింకల వేట నేరం కదా, మా బాబాయి ఒకసారి తెగ కంగారుపడ్డాడు.

శనివారం సాయంత్రం రేంజ్‌లో కలుద్దాం. అదనంగా టార్గెట్ ఉన్నవాళ్లు తెండి. టీ, మిర్చి బజ్జీలు నా వంతు.