శవం కాదు, మనిషి కనబడాలి

తెలుగు చానళ్ల నేర కథనాల్లో నెత్తుటి మరకలు, దద్దరిల్లే సంగీతం తప్ప దర్యాప్తు చేసే మనిషి ఎక్కడా కనబడడు. 2005 నుంచి 2017 దాకా 12 సీజన్లు నడిచిన అమెరికా సీరియల్ ‘బోన్స్’ను హన్మకొండలో మా ఇంట్లో రాత్రిపూట చూస్తున్నాం. నేను తెలుగులో చెప్తుంటే అమ్మ చిక్కుడుకాయలు తుంచుకుంటూ వింటది. కటి ఎముకను బట్టి చనిపోయింది ఆడమనిషని సీరియల్ నాయిక, ఎముకల నిపుణురాలు డాక్టర్ బ్రెన్నన్ తేల్చినప్పుడు అమ్మ చెయ్యి ఆగలేదు. 15 ఏళ్ల వయసులో తల్లిదండ్రులు బ్రెన్నన్‌ను వదిలిపోయారని చెప్పగానే మాత్రం కాయ చేతిలోనే ఉండిపోయింది. ‘‘అందుకేనా బిడ్డా, ఎవ్వరితోని కలవది?’’ అన్నది. ఆ మనిషి మీద మనసుపడ్డాకే ఎముకల శాస్త్రమూ మాకు ఎక్కింది. ఈ సీరియల్‌కు ప్రేరణ అయిన రచయిత్రి కాథీ రైక్స్ స్వయంగా ఆ రంగం నిపుణురాలు. అసలు బలం అక్కడే ఉంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతుల చట్టం) ప్రకారం 7 ఏళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలు దీన్ని ఐదేళ్లలోగా అమలు చేయాలి. కనుక చానళ్లు కాకతీయ మెడికల్ కాలేజీ వంటి చోట్ల ఫోరెన్సిక్ వైద్యులను పక్కన కూర్చోబెట్టుకుని, కాజీపేట నుంచి రోజూ డ్యూటీకి వచ్చే ఒక క్లూస్ టీం అమ్మాయి కథ రాయించాలి.

– ఒక పాఠకురాలు, హన్మకొండ