అంకె ముక్కలు మాట్లాడవన్నావు కదా

చిరంజీవి బుజ్జికి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. జోస్యానికి వేసే ఆ మార్సెయ్ టారో పేకముక్కల కట్ట కొన్నానని, తురుపులు ముచ్చటగా ఉన్నాయని, అంకె ముక్కల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోట మాట రావడం లేదని రాశావు. "నాలుగు కప్పుల బొమ్మలేసి పక్కన నాలుగని రాస్తే అందులో ఏం చదవాలమ్మా" అన్నావు. ఫోన్లో చెప్తే ఊఁ కొడుతూ వేరే పని చేసుకుంటావు. అందుకే ఉత్తరం.

జోస్యం మీద నాకు నమ్మకం లేదని నీకు తెలుసు. మీ నాన్న క్లబ్బు పేకాట మీద ఉన్నంత కోపం కూడా లేదనుకో. నువ్వు మనసులోది తేల్చుకోవడానికి ముక్కలు వేస్తానంటున్నావు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. కానీ చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కదా, ఏ వస్తువు చూసినా ఎవరు, ఎందుకు చేశారని ముందు అడుగుతాను. టారోకి ఆ ప్రశ్న వేస్తే నీ చిక్కు సగం వీడుతుంది.

వీటిని చేసింది ఆడుకోవడానికి. 1442 నాటి ఫెరారా రాజకుటుంబపు ఖర్చుల లెక్కల్లోనే ఈ కట్టల ప్రస్తావన ఉంది. 22 తురుపులు, కప్పులు, కత్తులు, కర్రలు, నాణేలు అనే నాలుగు రంగుల్లో 40 అంకె ముక్కలు, 16 బొమ్మ ముక్కలు, మొత్తం 78. పారిస్‌లో కూర్చుని కూర్ ద జెబెలాఁ అనే పండితుడు ఇవి ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని ప్రకటించింది 1781లో. ఆ మాటకు ఆధారమేమీ లేదు. కానీ జనానికి నచ్చింది. ఎతేయా అనే ఆయన వెంటనే టారోతో జోస్యం చెప్పే పుస్తకాలు రాసి, సొంత కట్ట కూడా అచ్చు వేయించుకున్నాడు. అంటే అంతకు ముందు దాదాపు 340 ఏళ్ల పాటు ఆ కప్పుల నాలుగు ఎక్కువగా ఆటలో ముక్కగానే పనిచేసింది. చేతిలో ముక్కలు విసనకర్రలా పరుచుకున్నవాడికి ఏ రంగు, ఎంత అంకె అన్నవి చూడగానే తెలియాలి. అంతకంటే అక్కర్లేదు. ఆ ముక్కలో బొమ్మ ఏదీ తగ్గలేదు, అది పూర్తిగానే ఉంది.

మరి ప్రతి ముక్కలో మనుషులు, కథ ఉండాలని నీకెందుకు అనిపిస్తోంది? ఇంతకు ముందు నువ్వు నేర్చుకున్న కట్ట 1909లో లండన్‌లో వచ్చింది కాబట్టి. పమేలా కోల్మన్ స్మిత్ 78 ముక్కలకూ దృశ్యాలు గీసింది. ఆమెకు ముందు ఆ పని చేసిన కట్ట ఒకటుంది, సోలా బుస్కా అంటారు. 1491 ప్రాంతంలో ఇటలీలో రాగి రేకుల మీద చెక్కి అచ్చు వేశారు. ఇప్పుడు మిలాన్‌లోని బ్రేరా మ్యూజియంలో ఉంది. దాని ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మూడు కత్తులు దిగిన గుండె ఆ కట్టలోనూ ఉంది, ఈమె గీసిన దాంట్లోనూ ఉంది. ఎక్కడ చూసి ఉంటుందో నువ్వే ఊహించుకో.

ఇప్పుడు నీ మార్సెయ్ కట్టలో కత్తుల మూడు తీసి చూడు. గుండె లేదు, వాన లేదు. రెండు కత్తులు వంపు తిరిగి బాదంకాయ ఆకారంలో కలుసుకున్నాయి. మధ్యలో ఒకటి నిటారుగా ఉంది, అటూ ఇటూ ఆకుల రెమ్మలు. దీన్ని చూసి గుండె పగలడం అని చదివితే లండన్ బొమ్మను మార్సెయ్ ముక్క మీద అతికించినట్టే. ఆ అలవాటు మానేయ్, నీ ఇబ్బందంతా అక్కడే ఉంది.

కత్తులన్నీ వరసగా పేర్చి చూడు. మెలికల ముగ్గులా ఉంటాయి. నాలుగులో వంపు కత్తుల మధ్య ఒక పువ్వు. ఐదులో ఆ పువ్వు పోయి, దాని చోట నిటారు కత్తి వచ్చింది. ఆరులో మళ్లీ పువ్వు, ఏడులో మళ్లీ కత్తి. తొమ్మిది దాకా సరి సంఖ్యకు పువ్వు, బేసి సంఖ్యకు కత్తి. ఈ వంపులు మధ్యయుగంలో ఈజిప్టును ఏలిన మమ్లూకులు ఆడిన పేకముక్కల నుంచి వచ్చినవి. ఆ ముక్కలు కొన్ని ఇస్తాంబుల్ తోప్‌కాపి ప్యాలెస్‌లో దొరికాయి. వాటిలో కర్రలంటే పోలో కర్రలు. యూరప్‌కి అప్పట్లో పోలో తెలియదు కనక అవి మామూలు కర్రలైపోయాయి. సరే, నీకు కావలసింది చదవడం. కత్తుల ఐదు పడితే "ఇప్పటిదాకా నెమ్మదిగా ఉన్న చోట ఒకరు నిలబడి ఎదురు మాట్లాడారు" అని చూడొచ్చు. అది ఏ పుస్తకంలోనో రాసి ఉందని కాదు, ముక్క మీదే కనపడుతోంది. పక్కనున్న ముక్క నాలుగైతే ఒక అర్థం, ఆరైతే ఇంకో అర్థం. అంకె ముక్కను ఒక్కదాన్నే పట్టుకుని నిలదీస్తే ఏమీ చెప్పదు. అది పెరుగుతోందా, తగ్గుతోందా అని పక్క ముక్కతో కలిపి అడగాలి.

పెరగడం తగ్గడం అన్నాను కదా, ఇక్కడో తమాషా. పాత ఆటల్లో కత్తులకు, కర్రలకు పది పెద్దది. కప్పులకు, నాణేలకు మాత్రం తలకిందులు, ఒకటి పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. మన దేశపు పాత పేకాట గంజీఫాలోనూ ఇదే పద్ధతి. 96 గుండ్రటి ముక్కల మొఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులుంటే, నాలుగింటిలో పది పెద్దది, నాలుగింటిలో ఒకటి పెద్దది. మన నిర్మల్‌లో కూడా ఒకప్పుడు ఈ గంజీఫా ముక్కలు వేసేవారు. ఇంత దూరాన ఉన్న రెండు ఆటల్లో ఒకే వింత నియమం కనపడటం నాకు ఈ సబ్జెక్టు మొత్తంలోకి ఇష్టమైన విషయం.

ఇది దగ్గర పెట్టుకుని కప్పుల పది చూడు. తొమ్మిది కప్పులు మూడు వరసల్లో బుద్ధిగా నిలబడ్డాయి, పదోది పెద్దది, వాటి పైన అడ్డంగా పడుకుంది. లండన్ కట్టలో ఇదే ముక్కకు ఇంద్రధనుస్సు, కింద చేతులెత్తిన జంట, గంతులేసే పిల్లలు. మార్సెయ్ ముక్కలో నాకు కనిపించేది వేరు, ఇక పోయడానికి చోటు లేదు, ఉన్నదానికి మూత పడింది. ఆటలో అది ఆ రంగులోకెల్లా చిన్న ముక్క అని తెలిస్తే ఈ చదువు ఇంకొంచెం నిలబడుతుంది. నీకు ఇంకోలా అనిపిస్తే అలాగే చదువు, కానీ ఆ అడ్డంగా పడుకున్న కప్పును మాత్రం వదిలేయకు.

బొమ్మ ముక్కలకు ఇంత కష్టం లేదు. రాజు, రాణి, రౌతు, జాకీ. మమ్లూకుల కట్టలో రాణి లేదు, రాజు, ఆయన కింద ఇద్దరు నాయబులు, అంతే. గంజీఫాలోనూ రాజు, మంత్రి తప్ప ఆడమనిషి లేదు. రాణిని యూరప్‌వాళ్లు కలిపారు. మిలాన్ ప్రభువుల కోసం వేసిన ఒక కట్ట ఇప్పుడు యేల్ యూనివర్సిటీలో ఉంది. అందులో ఒక్కో రంగుకు ఆరు బొమ్మలు, రాజుకు రాణి, రౌతుకు గుర్రమెక్కిన స్త్రీ, జాకీకి తోడు ఒక అమ్మాయి. తరవాత రాణిని ఉంచి, మిగతా ఇద్దరు ఆడవాళ్లనీ తీసేశారు. గుర్రం మీది ఆవిణ్ణి ఎందుకు దింపేశారో అని నాకు ఇప్పటికీ ఒళ్లు మంటే.

చిన్న పుస్తకాల్లో రాసినట్టు "నల్లజుట్టు మగవాడు ఎదురవుతాడు" అని మాత్రం చదవకు. చేతిలో వస్తువును ఎలా పట్టుకున్నారు, ఎటు చూస్తున్నారు, అంతే చూడు. నాణేల రౌతు చేతిలో కర్ర ఉంది, నాణెం మాత్రం గాల్లో తేలుతోంది. చేతిలో ఉన్నదొకటి, కన్ను వేసినదొకటి. నాణేల రాజు కాలు మీద కాలేసుకుని తీరిగ్గా కూర్చున్నాడు. కత్తుల రాజు రెండు భుజాల మీద రెండు ముఖాలున్నాయి, ఏ మాటైనా రెండు వైపులా వినాల్సినవాడికి తగినట్టు. చూపు ఏ పక్కకు పోతే ఆ పక్కన ఇంకో ముక్క వేసి, వాళ్లు దేన్ని చూస్తున్నారో తెలుసుకో.

ఇందులో ఒక జాగ్రత్త. ఈ కట్టలు చెక్క అచ్చులతో వేసినవి. ఒక ముక్కను చూసి యథాతథంగా చెక్కితే అచ్చులో ఎడమది కుడికి వచ్చేస్తుంది. పారిస్‌లో నోబ్లే, మీ లియోన్‌లోనే దొదాల్, మార్సెయ్‌లో 1760 నాటి కాన్వర్, ఇలా ఒకరి తరవాత ఒకరు అదే నమూనాను చెక్కుకుంటూ వచ్చారు. అందుకే ఒకే మనిషి ఒక కట్టలో అటు, ఇంకో కట్టలో ఇటు చూడొచ్చు. రాణి ఎడమకు చూస్తే గతం అంటూ పుస్తకం చెప్తే నమ్మకు, నీ చేతిలో ఉన్న రాణి ఎటు చూస్తోందో అదే లెక్క.

నీ రూమ్మేట్ వీసా టెన్షన్‌లో ఉండి నీతో ముక్కలు వేయించుకుంటోందన్నావు. ఆ పిల్లకు వస్తుందనీ చెప్పకు, రాదనీ చెప్పకు. కత్తులు పడ్డా భయపెట్టకు. పడిన ముక్కలో ఏం కనిపిస్తోందో ముందు ఆమెనే చెప్పమను, నువ్వు విను. ఆ తరవాత ఏ కాగితం ఇంకా ఇవ్వలేదో కూడా అడుగు, పని అక్కడ ఉంటుంది.

ఇంకో సంగతి. ఫ్రాన్స్‌లో టారో ఇప్పటికీ నలుగురు కూర్చుని ఆడే పేకాటే కదా. రాజుకు నాలుగున్నర పాయింట్లు, మామూలు అంకె ముక్కకు అర పాయింటు అని నేను చెప్తే మీ నాన్న నమ్మడం లేదు, అర పాయింటేమిటి అంటున్నారు. అక్కడ ఎవరైనా ఆడుతుంటే కూర్చుని నేర్చుకుని, వేలం పాట ఎలా పాడతారో, బల్ల మీద పక్కన పెట్టే ఆరు ముక్కల సంగతేమిటో ఆయనకు విడిగా రాయి. నాకు మాత్రం కప్పుల పది ఫోటో ఒకటి, వెలుతురులో తీసి పంపు.

ఆశీస్సులతో,
అమ్మ