అర్ధరాత్రి దురదకు అర్థం చెప్పినవాళ్లకు

దాదాపు ఏడాది పాటు రాత్రిళ్లు అరచేతులు, అరికాళ్లు గోక్కుంటూ కూర్చున్నాను. ఒంటి మీద ఒక్క పొక్కు లేదు. సబ్బులు మార్చాను, అలర్జీ మాత్రలు మింగాను. చివరికి రక్తపరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే లివర్ ఎంజైము బాగా పెరిగి కనిపించింది. తర్వాత ఏఎంఏ అనే యాంటీబాడీ పరీక్ష పాజిటివ్. రిపోర్టు కింద 'ప్రైమరీ బిలియరీ సిరోసిస్' అని ఉంది. సిరోసిస్ అంటే కాలేయం మచ్చలుపడి గట్టిపడిపోవడం. చుక్క మందు ముట్టనిదాన్ని, నాకు సిరోసిస్ ఏమిటని రెండు రోజులు ఏడ్చాను.

ముందుగా మా లివర్ డాక్టరుగారికి నమస్కారాలు. ఆ పేరు 2015లోనే మారిందని, ఇప్పుడు చివరి మాట 'కోలాంజైటిస్' (పైత్యనాళాల వాపు) అని, తొలిదశలో బయటపడ్డ చాలామందికి అసలు సిరోసిస్ ఉండదని చెప్పారు. నా టెన్షన్ సగం అక్కడే దిగింది. చీటీ వెనక ఓ చెట్టు గీశారు. కాలేయం లోపలి సన్నటి పైత్యనాళాలు దాని రెమ్మలట. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే వాటిని దెబ్బతీస్తుంది. పైత్యరసం బయటికి పోలేక నిలిచిపోయి, ఏళ్ల తరబడి కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎక్కువగా నలభై దాటిన ఆడవాళ్లలోనే కనిపిస్తుందట. అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్ర కిలో బరువుకు రోజుకు 13 నుంచి 15 మిల్లీగ్రాముల లెక్కన, బహుశా జీవితాంతం. జబ్బును పోగొట్టదు, దాని నడక తగ్గిస్తుంది.

ఇక, పన్నెండేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్న అక్క. పేరు రాయొద్దంది, రాయను. దురదకిచ్చిన కొలెస్టైరమిన్ పొడి, ఈ మాత్ర రెండూ భోజనం కాగానే ఒకేసారి వేసుకుంటున్నానని మాటల్లో అన్నాను. "అయ్యో, ఆ పొడి మాత్రను పట్టేసుకుంటుందే! పొడి తాగాక నాలుగు గంటలు ఆగాలి" అంది. డాక్టరుగారిని అడిగితే ఆయనా అదే అన్నారు. ఎన్ని వారాల మందు వృథా చేశానో!

అన్నిటికన్నా పెద్ద మేలు ఇంకోటి. పొద్దున లేస్తూనే కాళ్లు ఈడ్చుకుంటూ నడిచే నన్ను చూసి ఇంట్లో బద్ధకం అనుకునేవారు. నిజం చెప్పాలంటే నేనూ అనుకున్నాను. ఈ జబ్బులో నీరసానికీ లివర్ రిపోర్టుకీ పొంతన ఉండదని, రిపోర్టు బాగున్నా మనిషి కూలబడిపోవచ్చని అక్కే మా ఆయనకు ఫోన్‌లో అరగంట చెప్పింది. ఆ రోజు నుంచి సాయంత్రం గిన్నెలు ఆయనవే. సరిగ్గా తోమరు, అది వేరే సంగతి.

ఆరు నెలల్లో ఫాస్ఫటేజ్ సగానికి దిగింది. దురద పూర్తిగా పోలేదు కానీ నిద్రపోతున్నాను. ఈ జబ్బులో ఎముకలు కూడా బలహీనపడొచ్చు కదా, ఎముకల స్కాన్‌కు వచ్చే వారం వెళ్తున్నాను అక్కా, ఇక గుర్తుచేస్తూ తిట్టక్కర్లేదు.