క్రిమియా తాతార్ల పేరు

సంపాదకులకు నమస్కారం.

క్రిమియా గురించి మన పత్రికల్లో వచ్చే వార్తల్లో రష్యా, ఉక్రెయిన్‌ల తగాదాయే తప్ప, అది తమ పుట్టిన గడ్డ అని చెప్పుకునే తాతార్లనే జాతి ప్రస్తావన అరుదుగా కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువైన నాజీ జర్మనీకి సహకరించారన్న నిందను జాతి మొత్తంపై మోపిన స్టాలిన్ ప్రభుత్వం, 1944 మే 18 తెల్లవారుజామున మొదలుపెట్టి మూడు రోజుల్లోనే దాదాపు 2 లక్షల మందిని సరుకుల రైలు పెట్టెల్లో కుక్కి, అత్యధికులను ఉజ్బెకిస్తాన్‌కు తరలించింది; ఎర్రసైన్యంలో పోరాడి వచ్చినవారికీ ఆ శిక్ష తప్పలేదు.

1967లో నింద తొలగించిన ఉత్తర్వు సైతం వారిని ‘గతంలో క్రిమియాలో నివసించిన తాతార్ జాతి పౌరులు’ అనే పేర్కొంది. అంతకు ముందే వారి ఊళ్ల పేర్లు మార్చేశారు. వేరే భాష, వేరే చరిత్ర ఉన్న జనాన్ని రష్యాలోని వోల్గా నదీ తీరపు తాతార్లలో కలిపేయజూసిన ఆ ఉత్తర్వులోని పదప్రయోగం, నా దృష్టిలో, రెండో బహిష్కరణ.

1980ల చివర వేల కుటుంబాలు తిరిగి వచ్చేసరికి తాతల ఇళ్లలో ఇతరులు కాపురముంటున్నారు. చాలామంది ఖాళీ స్థలాల్లో గుడిసెలు వేసుకోవలసి వచ్చింది. 2014లో రష్యా క్రిమియాను ఆక్రమించాక, 2016లో వారి ప్రాతినిధ్య సభ ‘మెజ్లిస్’ను నిషేధించారు. కనీసం మన పత్రికైనా వారిని ఉత్త ‘తాతార్లు’ అనక, ‘క్రిమియా తాతార్లు’ అని పూర్తి పేరుతో రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు