మా అమ్మను బతికించిన మా ఊరివాళ్లకు

అందరికీ వందనాలు. నేను మీకు కొత్తవాణ్ణి కాదు. రామాయపట్నం పక్క పల్లెలో పుట్టి, కావలిలో డిగ్రీ చదివి, రెండేళ్లుగా దక్షిణాఫ్రికాలో నాటాల్ వైపు సేవలో ఉన్నాను. పోయిన బుధవారం మా అమ్మను శనక్కాయ చేలో రక్తపింజర కరిచింది. ఎవరెవరు ఏం చేశారో నాకు ఒక్కో ఫోన్‌లో ఒక్కో ముక్క తెలిసింది. అన్నీ కలిపి ఇప్పుడు చెప్పుకుంటున్నాను. పేర్లు రాయొద్దని మీరే అన్నారు కదా, వరసలతోనే రాస్తాను.

విదేశాల్లో మిషనరీ అంటే మనవైపు పెద్ద స్టేజీ, మైకు, జనం అనుకుంటారు. నా వారం అట్టా ఉండదు. సోమవారం గుడ్డలు ఉతుక్కుంటాను. మంగళవారం, శుక్రవారం ముసలివాళ్ల ఇళ్లకు వెళ్తాను. గురువారం బడిపిల్లలకు మొక్కజొన్న పిండితో జావ కాస్తాం. శనివారం తరచూ ఎవరిదో ఒకరిది సమాధి కార్యక్రమం ఉంటుంది. వాక్యం చెప్పేది ఆదివారమే. 1860 నుంచి మద్రాసులో ఓడ ఎక్కి చెరకుతోటల్లో కూలికి వచ్చిన మనవాళ్ల మునిమనవలు ఇక్కడ ఉన్నారు. వాళ్ల కోసమే మన తెలుగు బాప్టిస్టు సంఘాలు 1903లో జాన్ రంగయ్య గారిని ఇక్కడికి పంపాయి. ఆయన కియర్స్‌నీ టీ తోటలో తెలుగు సంఘం మొదలుపెట్టారు. నేను మంగళవారాలు చూసొచ్చే ఒక అవ్వకు తెలుగులో మాట్లాడటం రాదు, కానీ తెలుగు కీర్తన ఎత్తుకుంటే చివరిదాకా పాడుతుంది.

బుధవారం పొద్దున నేను చెరకు కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లాను. ఆ తోటల మధ్య సిగ్నల్ ఉండదు. పదకొండుకు రోడ్డెక్కి ఫోన్ చూస్తే 19 మిస్డ్ కాల్స్. మన దగ్గర అప్పటికే మధ్యాహ్నం రెండున్నర.

ఈలోపే మీరు చేయాల్సిందంతా చేసేశారు. అమ్మ అరుపు విని ముందు పరిగెత్తుకొచ్చింది పక్కచేలో కలుపు తీస్తున్న మా చిన్నమ్మ. అమ్మను నడవనివ్వకుండా అక్కడే కూర్చోబెట్టింది. మామిడితోట కౌలుకు చేసే అన్న బండి తెచ్చాడు. మధ్యలో అమ్మ, వెనకాల పట్టుకోవడానికి చిన్నమ్మ. అందరూ అలవాటు ప్రకారం ముందు పాము మంత్రం వేసే తాత ఇంటికే పోయారు.

నేను ఎక్కువగా రుణపడింది ఆ తాతకే. ఆయన కాలు చూసి, అది రక్తపింజరేనని అడిగి తెలుసుకుని, "దీనికి నా దగ్గరేం లేదు. తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, ఆసుపత్రికి పోండి" అన్నాడట. నలభై ఏళ్లుగా జనం ఆయన గడపకే వస్తున్నారు. ఒక ఆకుపసరు రాసి, దక్షిణ తీసుకుని, పొద్దుగూకేదాకా కూర్చోబెట్టినా ఎవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఆయన అట్టా చేయలేదు. పైగా అక్కణ్ణుంచి అమ్మను ఆటోలో తీసుకుపోతుంటే, తువ్వాలు భుజాన వేసుకుని తనూ ఎక్కాడు. చిన్నప్పుడు నేను ఆయన్ని చూసి రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాణ్ణి. తాతా, అది కూడా ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

దారిలో ఒక ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమన్నారు, కట్టాక మందు లేదన్నారు. ఆ సంగతి వదిలేద్దాం. ఆటో భాయ్ అక్కడ నిమిషం ఆగకుండా నేరుగా నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. ఆయన ఇప్పటిదాకా కిరాయి తీసుకోలేదు. భాయ్, తీసుకోండి, నాకు నిద్ర పట్టడం లేదు.

అక్కడ నర్సమ్మ అమ్మ రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి, కదపకుండా పక్కన పెట్టిందట. ఇరవై నిమిషాల తర్వాత వంచి చూస్తారు. మామూలుగా అయితే గడ్డకట్టి ఉండాలి. మా తమ్ముడు వీడియో కాల్‌లో ఆ గొట్టం చూపించాడు. వంచగానే రక్తం నీళ్లలాగా జారింది. అమ్మ చిగుళ్లలోంచి కూడా కారుతోంది. వెంటనే పది సీసాల మందు సెలైన్‌లో ఎక్కించారు. ఆరు గంటల తర్వాత మళ్లీ చూస్తే మళ్లీ జారింది. ఇంకో పది. కావలి నుంచి ముగ్గురు కాలేజీ పిల్లలు రాత్రికి రాత్రి వచ్చి రక్తం ఇచ్చి పోయారు. వాళ్ల ముఖాలు కూడా నాకు తెలియవు.

గురువారం జావలో రెండుసార్లు ఉప్పు వేశాను. పిల్లలు ఏమీ అనకుండా తాగేశారు. మా గేటు కాపలాదారు జూలూ పెద్దాయన, పొద్దున, సాయంత్రం "ఉమామా ఉంజాని?" అని అడిగేవాడు. అమ్మ ఎట్టుంది అని. ఇక్కడి సంఘం వాళ్లు టికెట్టుకు డబ్బు పోగేస్తుండగానే శుక్రవారం తెల్లవారుజామున తమ్ముడి ఫోన్ వచ్చింది. గొట్టం వంచితే రక్తం కదల్లేదు. దాన్ని అంతసేపు చూసి ఏడ్చిన మనిషి ఇంకెవరూ ఉండరేమో.

అమ్మ నాతో మాట్లాడిన మొదటి మాట, "బర్రెకు మేత ఎవరు వేస్తున్నార్రా?" ఎదురింటి అత్త వేస్తోందమ్మా, పాలు కూడా కేంద్రంలో పోస్తోంది అన్నాను. "వెన్న శాతం ఎంత వచ్చిందో అడుగు" అంది. ఇంక టికెట్టు వద్దనుకున్నాను. అత్తా, ఆ వారం పాల డబ్బులు నువ్వే ఉంచుకో, అమ్మ మాట ఇది.

రెండు రాత్రులు వరండాలో పడుకున్న తాతకు, దుప్పట్లు, కారియర్ పంపిన పాస్టరమ్మగారికి, ఉపవాస ప్రార్థన చేసిన సంఘానికి, గుడి దగ్గర మా అమ్మ పేరున కొబ్బరికాయ కొట్టిన మామకు వందనాలు.

మీరు పోగేసిన డబ్బులో మందులు, భోజనాలు, ప్రయాణాలకు పోను కొంత మిగిలింది. లెక్క పాస్టరమ్మగారి పుస్తకంలో ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఇక్కడ చెరకు కొట్టేవాళ్లు మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు లేనిదే తోటలో దిగరు. మిగిలిన డబ్బుతో కలుపుకు పోయే ఆడవాళ్లకు అవే కొందామని అడుగుతున్నాను. మీకు సరే అయితే కాలి సైజులు మా తమ్ముడికి చెప్పండి. అమ్మది ఆరో నంబరు. వేసుకోనంటోంది, చిన్నమ్మ చూసుకుంటానంది.