ఆ టీచర్ ఇంటిపేరు ఎందుకు మార్చారు?

సంపాదకుడి గారికి నమస్కారం.

పోయిన వారం మీ హైదరాబాద్ సిటీ పేజీలో కింద ఓ మూలన నాలుగు లైన్ల వార్త వేశారు. అమెరికాలో స్థిరపడిన ఫలానా ఆయన మాతృమూర్తి కన్నుమూత అని హెడ్డింగు. లోపల చూస్తే ఆవిడ పేరు ముందు ఎప్పుడో వదిలేసి వచ్చిన భర్త ఇంటిపేరు తగిలించి, దివంగత ఫలానా వారి సతీమణి అని రాశారు. చివర్లో ‘గతంలో ఉపాధ్యాయురాలిగా పనిచేశారు’ అని ఒక్క ముక్క. పోనీ ఫొటో అయినా ఆవిడదా అంటే అదీ కాదు, దండ వేస్తున్న స్థానిక నాయకుడిది. ఆ దండ వెనక ఆవిడ ముఖం సగం కూడా కనపడలేదు. దగ్గరుండి చివరిదాకా చూసుకున్న కూతురి ఊసే లేదు. మా క్లాసు వాట్సాప్ గ్రూపులో అందరం తిట్టుకుంటున్నాం గానీ మీకు చెప్పినవాళ్లు ఎవరూ లేరు, అందుకని నేను రాస్తున్నాను.

ఆవిడ పాతబస్తీలో సర్కారు హైస్కూల్లో మాకు లెక్కల టీచర్. మాడపాటి హనుమంతరావు గారు 1928లో నారాయణగూడలో పెట్టిన బాలికల బడిలో చదువుకున్న మనిషి. కాపురం నిలబడలేదు. ఇద్దరు చిన్నపిల్లల్ని వెంటబెట్టుకుని, పుట్టింటికి కూడా పోకుండా, చిక్కడపల్లిలో ఒక గది అద్దెకి తీసుకుంది. మగదిక్కు లేని ఇంటికి గది ఇవ్వడానికి ఓనర్లు ఇప్పుడే వంద ఆరాలు తీస్తుంటే అప్పుడెంత నరకమో ఊహించుకోండి. ఉద్యోగంలో సర్వీసు రిజిస్టర్ మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా పుట్టింటి పేరే, అదే సంతకం. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు సంరక్షకుడి గడిలో తండ్రి పేరు రాయమంటే, ఫీజు కట్టేది నేను, సంతకం పెట్టేదీ నేనే అని తన పేరు రాసి ఇచ్చింది. తండ్రి బతికుండగా కూడా తల్లి సహజ సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు గీతా హరిహరన్ కేసులో చెప్పింది 1999లో. మా టీచర్ అంతకు పాతికేళ్ల ముందే చేసి చూపించింది. అలాంటి మనిషికి చనిపోయాక మీరు ఇంటిపేరు మార్చేశారు.

1990 డిసెంబరులో పాతబస్తీలో గొడవలై కర్ఫ్యూ పెట్టినప్పుడు మేం పదో తరగతి. బడి మూత, ముందు పబ్లిక్ పరీక్షలు, ఇంట్లో అందరికీ టెన్షన్. సడలింపు ఇచ్చిన ఆ కాసేపట్లో ఆవిడ అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ మీదుగా నడుచుకుంటూ గల్లీల్లోకి వచ్చేది. చేతిసంచీలో రాత్రి కూర్చుని కార్బన్ పేపర్ పెట్టి రాసిన లెక్కల కాగితాలు. నాలుగో కాపీకి వచ్చేసరికి అంకెలు మసకబారి మూడేదో ఎనిమిదేదో తెలిసేది కాదని, ఆ కాపీల్లో ఒక్కో అంకెనీ మళ్లీ పెన్నుతో దిద్ది తెచ్చేది. గుమ్మంలోనే నిలబడి కాగితం చేతిలో పెట్టి, మళ్లీ సడలించినప్పుడు వస్తా, చేసి ఉంచండి అని పక్కింటికి పోయేది. హిందువుల ఇల్లా ముస్లింల ఇల్లా అని చూసుకునే రోజులవి, ఆవిడ మాత్రం హాజరు పట్టీలో పేరున్న ఏ ఇల్లూ వదల్లేదు. ఉర్దూ మీడియం సెక్షన్‌కి లెక్కల టీచర్ లేకపోతే, వాళ్ల పుస్తకంలో మాటలు ఆ పిల్లల దగ్గరే నేర్చుకుని వాళ్లకీ చెప్పింది. దానికి అదనంగా ఒక్క పైసా రాలేదు.

2003లో ప్రైమరీ బడుల్లో, ఆ తర్వాత కొన్నేళ్లకి హైస్కూళ్లలో మధ్యాహ్న భోజనం వచ్చింది. మా రోజుల్లో తెచ్చుకున్నవాళ్లు తినేవాళ్లు, లేనివాళ్లు కుళాయి దగ్గరికి పోయేవాళ్లు. ఆవిడ టిఫిన్ డబ్బాలో రెండో గిన్నె ఎప్పుడూ ఆవిడది కాదు. ఎవరికని ఎవరి ముందూ అడిగేది కాదు, స్టాఫ్ రూములో నోట్సులు సర్దాలి రా అని పిలిచేది. నేనూ సర్దాను ఆ నోట్సులు.

ఇంత చేసి సొంత పిల్లల్ని గాలికొదిలేసిందా అంటే లేదు. కూతుర్ని మా బడిలోనే, సర్కారు బడిలోనే చదివించింది. ప్రైవేటు ట్యూషన్లు చెప్పి ఉంటే ఇల్లు కట్టుకునేది, కానీ సాయంత్రాలు పిల్లలవి అని ఒప్పుకోలేదు. సెలవు రోజు ఇద్దరినీ అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి తీసుకుపోయేది. కొడుకు అమెరికా వెళ్లాడంటే ఆ జీతంతో, ఆ లైబ్రరీతో వెళ్లాడు. మీ వార్తలో ఏమో ఆయన వల్ల ఈవిడకి గుర్తింపు వచ్చినట్టుంది.

తప్పు మీ ఒక్కరిదే అనను. కూతురు అంత్యక్రియల ఖర్చు కోసం ఓ ఆఫీసుకి వెళితే భర్త మరణ ధ్రువపత్రం తెమ్మన్నారట. సొంత ఉద్యోగం, సొంత పెన్షన్, మధ్యలో ఎన్నడూ తొంగిచూడని మనిషి కాగితం దేనికి? ఆ ఫారంలో తండ్రి లేదా భర్త అనే గడి తీసేస్తే ఎవరి సొమ్ము పోతుంది? సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3ని మహిళా టీచర్ల దినోత్సవంగా జరపాలని ప్రభుత్వం 2025లో ప్రకటించింది. చాలా సంతోషించాను. కానీ ప్రకటించడానికి రెండు నెలల ముందే, 2024 నవంబరులో, ప్రైమరీ టీచర్లని ఇంటింటి సర్వేకి పంపి బడులు ఒంటిపూట నడిపారు. ఆ ఏడాది మార్చి నుంచి రిటైరైనవాళ్లలో ఎంతోమంది తమ గ్రాట్యుటీ కోసం హైకోర్టుకి పోవాల్సి వచ్చింది. ముప్పై ఏళ్లు సుద్దపొడి పీల్చినవాళ్లని కోర్టు మెట్లెక్కించి, సెప్టెంబరు 5న శాలువా కప్పితే సరిపోతుందా? మా బడిలో లైబ్రరీ గదికి ఆవిడ పేరు పెట్టమని, బోర్డు ఖర్చు మేమే పెట్టుకుంటామని అర్జీ ఇచ్చాం. ఫైలు పైకి పంపాం అన్నారు. ఎంత పైకో, ఎవరి దగ్గరికో చెప్పేవాళ్లు లేరు. ఆవిడ బతికుండగా ఇచ్చిన అర్జీ అది.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. సవరణ వేయండి. సర్వీసు రిజిస్టర్‌లో ఉన్న ఇంటిపేరుతో ఆవిడ పూర్తి పేరు, లెక్కల టీచర్ అన్న మాట ముందు, కొడుకు పేరూ కూతురి పేరూ తర్వాత. అదీ అదే పేజీలో, కనపడేలా. ఫొటో లేదనకండి. వార్త వచ్చిన మర్నాడే కూతురు మీ ఆఫీసుకి వచ్చి, రిసెప్షన్‌లో కవరు ఇచ్చి వెళ్లింది. అందులో ఉన్నది ఆవిడ ఒక్కతే ఉన్న ఫొటో.

– ఒక పూర్వ విద్యార్థిని, విద్యానగర్, హైదరాబాద్